సవరణ: లీజర్ బ్యాటరీ వైరుకు ఫ్యూజ్ ఒకటి కాదు, రెండు

లోపలే వండుకుని పడుకునే క్యాంపర్ వ్యాన్‌లో ఇంజిన్ నడుస్తుండగా లీజర్ బ్యాటరీ (లోపలి లైట్లు, ఫ్రిజ్‌లాంటివాటికి కరెంటిచ్చే రెండో బ్యాటరీ) ఛార్జ్ అయ్యే వైరింగ్ గురించి పోయిన వారం రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి. ఒకటి ప్రమాదకరమైనది కాబట్టి ముందు అదే చెబుతాను.

ఇంజిన్ బ్యాటరీ దగ్గర ఒక్క 60 ఆంపియర్ల ఫ్యూజ్ పెడితే చాలని రాశాను. చాలదు. ఇంజిన్ బ్యాటరీని లీజర్ బ్యాటరీతో కలిపే ఆ ప్లస్ వైరుకు రెండు కొసల్లోనూ బ్యాటరీలే ఉన్నాయి. దారిలో ఎక్కడైనా పైతొడుగు ఒరుసుకుపోయి వైరు వ్యాన్ ఇనుప బాడీకి తగిలితే, ముందు ఫ్యూజ్ ఎగిరిపోయినా వెనక లీజర్ బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. వైరు ఎర్రగా కాలిపోతుంది, మనం పడుకునేది దాని పక్కనే. కాబట్టి రెండు బ్యాటరీల దగ్గరా, ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే, ఫ్యూజ్ ఉండాలి. నా రాత చూసి ఇప్పటికే బిగించినవాళ్లు దయచేసి ఈరోజే రెండు బ్యాటరీల నెగటివ్ తీసి రెండో ఫ్యూజ్ పెట్టండి.

రెండోది, ఇంజిన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలను కలిపే స్విచ్ లాంటి మామూలు రిలే ఏ బ్యాటరీకైనా సరిపోతుందన్నాను. లిథియం బ్యాటరీ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే యంత్రం) నుంచి కరెంటును విపరీతంగా లాగి దాన్ని వేడెక్కిస్తుంది. యూరో 6 (యూరప్ పొగ నియమాల) ప్రకారం చేసిన వ్యాన్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్ వోల్టేజీని తగ్గించేస్తుంటుంది, అప్పుడు ఏ బ్యాటరీ అయినా సరిగా నిండదు. ఈ రెండింటికీ రిలే బదులు, వోల్టేజీని, కరెంటును అదుపులో ఉంచి లీజర్ బ్యాటరీని నింపే డీసీ-డీసీ ఛార్జరే కావాలి. 30 ఆంపియర్లది వాడితే, బ్యాటరీల మధ్య ఐదారు మీటర్ల దూరానికి 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయండి.