అంగుళాలు కాదు, డెన్సిటీ అడగండి

మెమరీ ఫోమ్ (నొక్కితే అణిగి, నెమ్మదిగా పైకి లేచే ఫోమ్) పరుపు కొనేముందు చేత్తో నొక్కి చూస్తే చాలని ఒక వ్యాసంలో చదివాను. అది సరిపోదు. నొక్కిన చోట నెమ్మదిగా పైకి లేవడం చవక ఫోమ్‌లోనూ కనిపిస్తుంది. పైగా ఏసీ షోరూంలో గట్టిగా తగిలిన పరుపే మే నెలలో మన పడకగదిలో మెత్తబడిపోతుంది. వేడికి మెత్తబడటం ఆ ఫోమ్ గుణం.

అడగాల్సింది డెన్సిటీ, అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందని. పై మెమరీ పొరకు, దాని కింద ఉండే మామూలు ఫోమ్ పొరకు విడివిడిగా అడగండి. పైది 50కి, కిందిది 32కి తగ్గితే నేనైతే వద్దంటాను. డెన్సిటీకీ గట్టిదనానికీ సంబంధం లేదు. తక్కువ డెన్సిటీ ఫోమ్ కూడా గట్టిగానే ఉండొచ్చు, కానీ నడుము ఆనేచోట త్వరగా గుంట పడుతుంది.

అంకె చెప్పకపోతే బరువు చూడండి. 72×60 అంగుళాల పరుపులో 2 అంగుళాల మెమరీ పొర 50 డెన్సిటీదైతే సుమారు 7 కిలోలు, కింద 4 అంగుళాలు 32దైతే 9 కిలోలు. కవరు కాకుండానే 16. అదే 6 అంగుళాల పరుపు మొత్తం 12 కిలోలే అంటే ఎక్కడో కోత పెట్టినట్టే.

కవరు జిప్పు తీయనిస్తే పొరలు కొలవండి. మెమరీ ఫోమ్ పేరుతో అమ్మేవాటిలో ఆ పొర ఒక్క అంగుళమే ఉండేవీ ఉన్నాయి. వారంటీలో ఎన్నేళ్లన్నది కాదు, ఎంత లోతు గుంట పడితే మారుస్తారో చదవండి.