స్పీకర్ పాడవలేదు, పాట విను

టైప్ ఓ నెగటివ్ అనే అమెరికన్ మెటల్ బ్యాండు 1996లో తెచ్చిన అక్టోబర్ రస్ట్ ఆల్బమ్ ఎప్పుడు పెట్టినా మా ఇంట్లో ఇదే గొడవ. మొదట్లో అర నిమిషం పైగా వైరు లూజయినట్టు గుయ్‌మని మోత వస్తుంది, అంతే, మా రూమ్మేట్ లేచి పిన్ను పీకి మళ్లీ గుచ్చి "నీ స్పీకర్ పోయిందిరా" అంటాడు. పోలేదురా బాబూ! అది వాళ్లు కావాలని పెట్టిన తమాషా, ఆ తర్వాత బ్యాండు వాళ్లే నవ్వుతూ పలకరిస్తారు, అక్కడిదాకా ఆగితే కదా.

ఇంకొందరు వినకుండానే "ఏడుపుగొట్టు పాటలు" అని తేల్చేస్తారు. వాళ్ల ముందటి ఆల్బమ్‌లోని బ్లాక్ నంబర్ వన్ పాటంతా జుట్టుకు నల్లరంగేసుకునే గాత్ (అంతా నలుపే వేసుకుని తిరిగే ఫ్యాషన్) అమ్మాయి సోకును ఆటపట్టించడమే, పదకొండు నిమిషాల పాటు! సరే, ఆ మాట చెప్తే "ఓహో, కామెడీ బ్యాండా" అంటారు, అది విన్నప్పుడు ఇంకా మండుతుంది నాకు. అక్టోబర్ రస్ట్‌లోనే రెడ్ వాటర్ ఉంది, పండగ పూట పోయినవాళ్లను తలుచుకునే పాట. 2010లో బ్యాండు గాయకుడు పీటర్ స్టీల్ కూడా పోయాక ఆ లోతైన గొంతులో అది వింటుంటే నాకు గొంతు పూడుకుపోతుంది. నవ్వూ ఏడుపూ ఒకే మనిషిలో ఉండవా?