ఐన్‌స్టీన్ గారి ఆవు వ్యాసం

పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నవాణ్ణి. కొబ్బరిచెట్టు గురించి రాయమంటే, ఆవు వ్యాసం తప్ప మరొకటి రాని పిల్లాడు ఆ ఆవును తెచ్చి కొబ్బరిచెట్టుకు కట్టేసి, ఇక కొమ్ములు, తోక, పాలు, పేడ మొదలుపెడతాడు. అలాంటి పేపర్లకు నేను నిర్దాక్షిణ్యంగా సున్నా చుట్టాను. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ గారి నోబెల్ ఉపన్యాసాన్నీ అదే కలంతో దిద్దాలని నా అభిప్రాయం. పెద్దవాళ్లను చూసీ చూడనట్టు వదిలేస్తే రేపు పిల్లలకు ఏం మొహం పెట్టుకుని చెబుతాం?

రూలు చాలా స్పష్టం. బహుమతి పుచ్చుకున్నవారు, వీలైతే, ఏ పనికి బహుమతి వచ్చిందో దానికి సంబంధించిన విషయం మీదే ఉపన్యాసం ఇవ్వాలి. డిసెంబర్ 10 ఉత్సవం తర్వాత ఆరు నెలలు గడువు. ప్రశ్న ముందే తెలుసు, జవాబు కనిపెట్టింది తనే. ఇంతకంటే తేలికైన పరీక్ష ఎక్కడైనా ఉందా?

ఆయనకు వచ్చిన ప్రశ్న కాంతి విద్యుత్ ఫలితం. లోహం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటికి దూకుతాయి. అయితే కాంతి పౌనఃపున్యం (సెకనుకు దాని అల ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) చాలకపోతే ఎంత వెలుగు గుమ్మరించినా ఒక్కటీ కదలదు. (మా మనవడూ అంతే. పదిమందిమి మెల్లగా పిలిస్తే లేవడు, వాళ్లమ్మ ఒక్క కేకకు లేచి కూర్చుంటాడు.) కాంతి పొట్లాలు పొట్లాలుగా వస్తుందనుకుంటే ఈ చిక్కు విడిపోతుందని 1905లోనే ఆయన లెక్క తేల్చారు. చక్కగా బొమ్మ గీసి అదే చెప్పి ఉంటే ఫుల్ మార్కులు.

అసలు నోబెల్ భౌతికశాస్త్ర కమిటీ ఈ ప్రశ్న ఇవ్వడానికి ఎంత అవస్థ పడిందో చూడండి. 1910 నుంచి ఆయన పేరు నామినేషన్లలో వస్తూనే ఉంది. కాలం, స్థలం, గురుత్వాకర్షణల గురించి ఆయన చెప్పిన సాపేక్ష సిద్ధాంతం ప్రకారమే సూర్యుడి పక్కన నక్షత్రాల కాంతి వంగిందని 1919 సూర్యగ్రహణం ఫొటోల్లో చూశాక ఊరూవాడా ఆ సిద్ధాంతం జపం మొదలైంది. ఊరు మెచ్చిందని కమిటీ మెచ్చాలా? కమిటీలో ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ గారని కంటివైద్యులు ఉండేవారు, 1911లో వైద్యానికి నోబెల్ అందుకున్నవారు. సాపేక్షతకు బహుమతి తగదని తేల్చేశారు. కంటికి కనబడని సంగతిని కంటివైద్యుడు ఒప్పుకోకపోతే తప్పేముంది? 1912లో ఇదే భౌతికశాస్త్ర బహుమతిని లైట్‌హౌస్ దీపాల ఆటోమేటిక్ రెగ్యులేటర్‌కు ఇచ్చారు. దీపం వెలిగిందో లేదో ఎవరైనా చెప్పగలరు. వేగంగా పోతే కాలం సాగుతుందని ఈ సిద్ధాంతం అంటే ఏ టేపు పెట్టి కొలవాలి?

అందుకని 1921లో ఎవరికీ ఇవ్వకుండా వాయిదా వేశారు. మరుసటి ఏడాది ఆ పాత బహుమతిని ఐన్‌స్టీన్‌కు ప్రకటిస్తూ, మీ సాపేక్ష, గురుత్వాకర్షణ సిద్ధాంతాలను ఇందులో లెక్కలోకి తీసుకోలేదని ఉత్తరంలో ప్రత్యేకంగా రాశారు. అంటే ఏమిటి? అది సిలబస్‌లో లేదు బాబూ అని.

అబ్బాయి విన్నాడా? ఉత్సవం రోజుకి జపాన్ పర్యటనలో ఉన్నాడు, బహుమతిని జర్మనీ రాయబారి అందుకున్నారు. అదే సభలో 1922 బహుమతి తీసుకున్న నీల్స్ బోర్‌ను చూసి నేర్చుకోవాలి. పరమాణు నిర్మాణం మీద బహుమతి, మర్నాడే పరమాణు నిర్మాణం మీద ఉపన్యాసం. మొదటి బెంచీ బుద్ధులు.

మనవాడి ఉపన్యాసం 1923 జూలై 11న. గడువు దాటి నెల. ఊరు కూడా బహుమతులిచ్చే స్టాక్‌హోమ్ కాదు, స్వీడన్‌లోనే మరో ఊరు గోథెన్‌బర్గ్. మండే ఎండలో నల్లకోటు, ఎదురుగా రెండువేల మంది జనం, సభలో స్వీడన్ రాజుగారు. ఇక విషయం: సాపేక్ష సిద్ధాంతపు మౌలిక భావాలు, సమస్యలు! అంటే ఆవును తెచ్చి రాజుగారి ఎదుటే కట్టేశాడు. అంతటితో ఆగాడా, చివర్లో గురుత్వాకర్షణనూ విద్యుదయస్కాంతాన్నీ కలిపేసే ఏకీకృత సిద్ధాంతం దాకా వెళ్లాడు. అడిషనల్ షీట్ అడిగి తీసుకుని మరీ తప్పు జవాబు రాయడమంటే ఇదే.

విచారణలో ఇంకో ఘోరం బయటపడింది. జూలైలో గోథెన్‌బర్గ్ రమ్మన్నదీ, విషయం మీ ఇష్టం కానీ సాపేక్షత గురించి చెబితే అందరూ సంతోషిస్తారన్నదీ స్వాంటే అర్హీనియస్ గారే. ఆయన ఎవరనుకున్నారు? కమిటీ సభ్యుడు! ఇన్విజిలేటరే కిటికీలోంచి చీటీ అందిస్తే ఇంక స్క్వాడ్ వచ్చి ఏం చేస్తుంది?

చివరికి నోబెల్ వారు ఆ ఉపన్యాసాన్ని అచ్చువేస్తూ అడుగున ఒక వివరణ పెట్టుకున్నారు: ఇది బహుమతి ప్రదానం సందర్భంగా ఇచ్చినది కాదు, కనుక కాంతి విద్యుత్ ఫలితం గురించి కాదు. ఎర్రసిరా వాడాల్సిన చోట ఫుట్‌నోటు వాడారు. నేనైతే సున్నా చుట్టి, డబ్బు ఆపించేవాణ్ణి. కానీ లక్షా 21 వేల క్రోనర్లకు పైబడిన ఆ సొమ్ము ఆపితే నష్టపోయేది ఆయన కాదట. మాజీ భార్య మిలేవా గారికి 1919 విడాకుల నాడే రాసిచ్చేశారు, నోబెల్ వస్తే ఆ డబ్బు ఆమెదేనని. అప్పటికి ఇంకా ప్రశ్నపత్రమే తయారు కాలేదు.