మహారాజశ్రీ ‘తర్వాత చూద్దాం’ గారికి

మహారాజశ్రీ ‘సెక్యూరిటీ సంగతి తర్వాత చూద్దాం’ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ క్షేమం గురించి వేరే అడగక్కర్లేదు. ఏ ప్రాజెక్టు కోడ్ తెరిచినా ‘టూడూ: ఇక్కడ పర్మిషన్ చెక్ పెట్టాలి’ అనే కామెంట్ రూపంలో దర్శనమిస్తూనే ఉన్నారు. ఆ లైను రాసినాయన ఉద్యోగం మారిపోయాడు. మీరు మాత్రం ఉన్నచోటే చల్లగా ఉన్నారు.

మీ పనితనం అమోఘం. డిజైన్ మీటింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అడుగుతుంది: “లాగిన్ అయినవాడు యూఆర్‌ఎల్‌లో 1041 తీసేసి 1042 కొడితే వేరేవాళ్ల బిల్లు కనిపించదా?” వెంటనే మీరు అందుకుని, “మంచి పాయింటమ్మా, ముందు డెమో కానీ” అంటారు. ఆ రోజు బోర్డు మీద గీసిన బొమ్మలో ఒక గీత మారిస్తే అయిపోయేది. ఆర్నెల్లు పోయాక అదే చెక్ ఎన్ని ఏపీఐల్లో (ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ద్వారాల్లో) లేదో ఒక్కొక్కటిగా వెతకాలి. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన టాప్ టెన్ లోపాల జాబితాలో ఈ జాతి లోపాలదే మొదటి స్థానం. అభినందనలు!

మిమ్మల్ని గెంటేయాలని చూసినవాళ్లూ లేకపోలేదు. కొత్త ఫీచరా, భద్రతా అన్న ప్రశ్న వస్తే భద్రతే ఎంచుకోండని 2002 జనవరిలో బిల్ గేట్స్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగులందరికీ మెయిల్ రాశారు. డిజైన్ నుంచే భద్రతను చూసే పద్ధతిని 2004లో అక్కడ తప్పనిసరి చేశారు. పాపం, మీకు అదొక గడ్డుకాలం.

అయినా మీ అసలు ప్రతిభ పద్ధతులున్న ఇంట్లోకి కూడా దూరడంలో ఉంది. జనాల అప్పుల చరిత్ర దాచిపెట్టే అమెరికా కంపెనీ ఈక్విఫాక్స్‌లో 2017లో జరిగిన సంగతే చూడండి. వాళ్లు వాడిన అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చింది. 48 గంటల్లో వేయాలన్న రూలుంది, మెయిలూ వెళ్లింది. పడాల్సిన చోట ప్యాచ్ మాత్రం పడలేదు. మే నెలలో దొంగలు దూరారు. ట్రాఫిక్‌ని విప్పి చూడాల్సిన పరికరం సర్టిఫికెట్‌కి ఎప్పుడో గడువు తీరిపోయి, అది కళ్లు మూసుకుని కూర్చుంది. జూలై 29న కొత్త సర్టిఫికెట్ వేశారో లేదో, అనుమానాస్పద ట్రాఫిక్ బయటపడింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు గానీ, ఇక్కడ 76 రోజులకే మొరిగాయి. ఈలోపు సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

రూలు రాసి, అది అమలైందో లేదో చూసే మనిషిని పెట్టకపోతే మీకు పండగే. అన్ని గళ్లలోనూ ‘యస్’ అని నింపిన ఎక్సెల్ షీటంటే మీకు ఎందుకంత ప్రేమో ఇప్పుడు అర్థమైంది.

పైగా మిమ్మల్ని ‘స్పీడు’ అని పొగిడేవాళ్లున్నారు. 2021 డిసెంబర్లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో పెద్ద లోపం బయటపడి గొడవైనప్పుడు చూశాం ఆ స్పీడు. ఏ లైబ్రరీ ఎక్కడ వాడామో ముందే రాసిపెట్టుకున్నవాళ్లు ప్యాచ్ వేసే పనిలో పడ్డారు. మీ భక్తులేమో అసలది ఏ సర్వర్లో ఉందో వెతకడం మొదలుపెట్టారు.

చివరగా చిన్న విన్నపం. రేపే రిలీజ్. పెన్ టెస్ట్ (మనమే దొంగల్లా దూరి లోపాలు వెతికించే పరీక్ష) రిపోర్టు ఇవాళే వచ్చింది. తీవ్రత ‘హై’ అని ఉన్న రెండు లోపాలనీ ‘మీడియం’ చేయించే ప్రయత్నాలు జోరుగా సాగుతున్నాయి. ‘ఈ రిస్కుకి మేం ఒప్పుకుంటున్నాం’ అనే ఫారం కూడా తయారుగా ఉంది గానీ, కింద సంతకం చోటు ఖాళీ. మేనేజరు గారు కాల్‌లో ఉన్నారట, డైరెక్టరు గారు సెలవట. ఇంతమందికి కావాల్సినవారు కదా, తమరే వచ్చి ఆ సంతకం పడేయండి.

ఇట్లు,
శనివారం రాత్రి ఆన్‌కాల్ డ్యూటీ పడ్డవాడు