ఎవరు ఎవరిని ఉంచుకున్నట్టు?

నాటకాల నటి డొరొథియా జోర్డాన్ గురించి ఎక్కడ చదివినా మొదటి వాక్యంలోనే "ఇంగ్లండ్ రాజు నాలుగో విలియం ఉంపుడుగత్తె" అని తగిలిస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఉంచుకోవడమంటే పోషించడం కదా? మరి ఆ ఇంట్లో ఎవరి సంపాదన ఎవరు తిన్నారో చూడండి.

డబ్లిన్‌లో థియేటర్ యజమాని వల్ల గర్భవతై, అతనికే అప్పుపడి, 1782లో తల్లితో సముద్రం దాటి ఇంగ్లండ్ చేరింది. బైబిల్లో జోర్డాన్ నది దాటినట్టు దాటింది కాబట్టి జోర్డాన్ అని పేరు పెట్టుకుంది. మిసెస్ జోర్డాన్ అనేవాళ్లు గానీ, మిస్టర్ జోర్డాన్ అనేవాడు ఏనాడూ లేడు! 1785లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో 'ది కంట్రీ గర్ల్' నాటకంలో పెగ్గీ వేషం కట్టేసరికి ఊరంతా ఆమెదే. హాస్యంలో ఆమెకి సాటి లేరన్నారు.

అప్పుడు వచ్చాడు విలియం. అప్పటికింకా రాజు కాలేదు; రాజు మూడో జార్జికి మూడో కొడుకు, నిలువునా అప్పులు. 1791 నుంచి ఇరవై ఏళ్లు కలిసి బతికారు, పదిమంది పిల్లలు. ఆమె పేరుకి అప్పటి యాసలో మంచం కింద పెట్టుకునే మూత్రపు కుండ అనే అర్థం కూడా ఉండేది. దాంతో గిల్‌రే అనే కార్టూనిస్టు బీటలువారిన కుండలోకి తలదూరుస్తున్న యువరాజుని గీశాడు. ఊరు నవ్వింది. ఆమె మాత్రం కడుపుతోనూ వేషాలు వేసింది, పురుడు పోసుకుని మళ్లీ వేసింది, ఊరూరా తిరిగి ఆడి ఆ డబ్బు వాళ్లు కాపురముండే బుషీ హౌస్‌కి పంపింది. విలియం ఆమెకి ఏటా ఇచ్చే వెయ్యి పౌన్లు సగం చెయ్యమని రాజుగారు కొడుక్కి చెబితే, నాటకం కరపత్రం అడుగున ఉండే ముక్క చింపి పంపిందట: "తెర లేచాక డబ్బు వాపసు ఇవ్వబడదు." నిజమో కాదో గానీ, ఈ కథంటే నాకు మహా ఇష్టం.

1811లో చెల్టెన్‌హామ్‌లో నాటకం ఉండగా విలియం నుంచి ఉత్తరం. మెయిడెన్‌హెడ్ దగ్గర కలువు, విడిపోదాం అని. డబ్బున్న పిల్లని చేసుకోవాలని ఆయనగారి ఆరాటం. ఆమె ఆట మానలేదు. పగలబడి నవ్వాల్సిన చోట భోరుమంది. మందు తాగి నవ్వుతోందన్న డైలాగ్‌ని ఎదుటి నటుడు అప్పటికప్పుడు తాగి ఏడుస్తోందని మార్చి సీను గట్టెక్కించాడని చెబుతారు.

విడిపోయినందుకు ఆమెకీ పిల్లలకీ ఏడాదికి 4,400 పౌన్లు ఇస్తామన్నారు. షరతు ఏంటంటే, మళ్లీ స్టేజీ ఎక్కితే కూతుళ్లూ, వాళ్ల పోషణకిచ్చే డబ్బూ విలియంకి వెనక్కి పోతాయి! ఇరవై ఏళ్లు ఏ స్టేజీ సంపాదన తిన్నాడో ఆ స్టేజీ మీదే ఆంక్ష. సిగ్గుండాలి కదండీ?

చివరికి అల్లుడి అప్పులకి ఆమె సంతకాలు బలయ్యాయి. అప్పులవాళ్లకి భయపడి 1815లో ఫ్రాన్స్ పారిపోయింది. 1816 జులైలో పారిస్ దగ్గర సాన్-క్లూలో పోయింది. 1830లో రాజయ్యాక విలియం ఆమె విగ్రహం చెక్కించాడు. పద్నాలుగేళ్లు ఆలస్యంగా.

2010లో డేవిడ్ కామెరాన్ బ్రిటన్ ప్రధాని అయినప్పుడు నాలుగో విలియం వంశీకుడని పేపర్లు గొప్పగా రాశాయి. ఆ వంశం నడిచింది ఈవిడ కడుపున పుట్టిన ఎలిజబెత్ ద్వారానే.