సర్పంచ్ గారి పేరు ఊళ్లోనే ఉంది

సర్పంచ్‌గా నిలబడాలంటే 21 ఏళ్లు నిండాలి, ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుండాలి. చట్టం అడిగింది పేరే. మనిషి కూడా ఉండాలని మనమే అత్యాశకు పోతున్నాం. మా సిక్కోలు (శ్రీకాకుళం) పల్లెల్లో కొందరు నాయకులు ఈ నిబంధనను తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. పేరు ఊళ్లో, కాపురం విశాఖలో.

వారి నివాసాన్ని గుర్తుపట్టడం తేలికే. తాతలనాటి పెంకుటిల్లు, తుప్పు పట్టిన తాళంకప్ప, ఇంట్లో ఎవరూ లేరని పోలియో చుక్కలవాళ్లు సుద్దముక్కతో గీసిపోయిన ఎక్స్ గుర్తు. లోపల బల్బు వెలగకపోయినా నెలనెలా మినిమం కరెంటు బిల్లు వస్తుంది. నివాసానికి అంతకన్నా రుజువేం కావాలి? నామినేషన్ల వారంలో ఇల్లు కడిగి, ముగ్గేసి, పొయ్యి కూడా వెలిగిస్తారు. ఆ పొగ చూసి పక్కింటివాళ్లు కంగారు పడి బిందెలతో పరుగెత్తుకొచ్చినా ఆశ్చర్యం లేదు.

పంచాయతీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే వస్తుంది. దానికి ఆధారమైన 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఏమంటుందంటే, ఇల్లున్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదు, కొన్నాళ్లు ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోయినట్టూ కాదు. మనవాళ్లు దీన్ని చక్కగా అర్థం చేసుకున్నారు, కాకపోతే తిరగేసి. సోంపేట వైపు నుంచి చెన్నై వెళ్లి రాడ్ బెండింగ్ పని చేసుకునేవాడు సంక్రాంతికీ, అమ్మోరి సంబరానికీ, ఓటుకీ వస్తాడు. జాబితా సవరించేవాళ్లు వచ్చేది మాత్రం ఈ మూడూ లేని రోజునే. ఇంటికి తాళముంటే ‘షిఫ్టెడ్’ అని రాసుకుపోతారు.

"బావూ, నా ఇంటికీ ఆ బాబుగారింటికీ ఏసింది తాళమే కదేటి?" అని అడిగాడనుకోండి, జవాబు సిద్ధంగానే ఉంటుంది: "నీ తాళం నువ్వే ఏసుకున్నావు. ఆరికి వాచ్‌మేన్ ఏస్తాడు."

నివాసం మరీ ఎక్కువైనా చిక్కే. సరిహద్దులో ఉన్న కొఠియా గ్రామాలు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా రెండూ ఎన్నికలు పెడతాయి. 2021లో మనవాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఉన్నచోటు కదలకుండానే రెండు రాష్ట్రాల ఓటర్లయిన ఘనత వాళ్లది.

అందుకే నాదొక వినయపూర్వక సూచన. రాజ్యసభకు పోటీచేసేవారు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధనను 2003లో తీసేశారు, 2006లో సుప్రీంకోర్టూ సరేనంది. పెద్దల సభకు రాష్ట్రంతో పనిలేనప్పుడు, పంచాయతీకి ఊరితో పనేంటి? గ్రామసభలో కుర్చీ వేసి, శాలువా కప్పి, దాని మీద కార్యదర్శి ఫోను నిలబెట్టి వీడియో కాల్ కలిపితే చాలు. సిగ్నల్ చెరువు గట్టు మీదే అందుతుంది కాబట్టి కుర్చీని అక్కడిదాకా మోసే మనిషి ఒకడు కావాలి. అతను ప్రస్తుతం చెన్నైలో ఉన్నాడు.