సోరియాసిస్ చర్మంపై బ్యాక్టీరియా: తేడా నిజమే, దోషి ఎవరో తేలలేదు

సోరియాసిస్ మచ్చ మీద ఉండే బ్యాక్టీరియా, ఆరోగ్యంగా ఉన్న చర్మం మీది బ్యాక్టీరియా ఒకేలా ఉండవు. 2008లో న్యూయార్క్ పరిశోధకులు ఆరుగురు రోగుల మచ్చల నుంచి దూదిపుల్లతో నమూనాలు తీసి చూశారు. స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ ఉండే ఫర్మిక్యూట్స్ వర్గం ఎక్కువైంది. నూనె గ్రంథుల్లో బతికే క్యుటీబ్యాక్టీరియం తగ్గింది. 2012లో స్వీడన్ బృందం చర్మపు ముక్క కోసి పరీక్షిస్తే మాత్రం స్టెఫైలోకాకస్ సోరియాసిస్ ఉన్నవారిలోనే తక్కువగా కనిపించింది. 2018లో అమెరికాలో 28 మంది రోగులను 26 మంది ఆరోగ్యవంతులతో పోల్చితే స్టెఫైలోకాకస్ ఆరియస్ పెరిగింది, చర్మానికి మేలు చేసే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ తగ్గింది.

ఇన్ని రకాల ఫలితాలు రావడానికి పరీక్ష చేసే పద్ధతే చాలావరకు కారణం. దూదిపుల్ల పైపొలుసును తుడుస్తుంది, చర్మపు ముక్క కోసే బయాప్సీ లోతుకు వెళ్తుంది. బ్యాక్టీరియాను గుర్తించే 16ఎస్ జన్యువులో వీ4 అనే భాగాన్ని చదివితే క్యుటీబ్యాక్టీరియం సరిగ్గా లెక్కకు రాదు, వీ1-వీ3 చదివితే వస్తుంది. పైగా ఈ అంకెలన్నీ శాతాలే. ఒకటి తగ్గితే మిగతావి నిజంగా పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తాయి. మోచేయిని వీపుతో పోల్చినా, నమూనాకు ముందు యాంటీబయాటిక్ వాడినా లెక్క తప్పుతుంది.

అసలు మచ్చే బ్యాక్టీరియాను మార్చేస్తుందన్నది నా అభిప్రాయం. మామూలుగా దాదాపు 28 రోజులు పట్టే పైచర్మం మార్పిడి ఇక్కడ 3 నుంచి 5 రోజుల్లో జరిగిపోతుంది. తలపై మచ్చల్లో నూనె గ్రంథులు కుంచించుకుపోతాయి. బీటా డిఫెన్సిన్-2 అనే సూక్ష్మజీవనాశక పదార్థాన్ని 1997లో జర్మన్ శాస్త్రవేత్తలు వేరుచేసింది సోరియాసిస్ పొలుసుల నుంచే. ఎగ్జిమా పుండ్లలా ఈ మచ్చలు తరచూ చీము పట్టకపోవడానికి అదొక కారణం. అలాగని బ్యాక్టీరియాను పూర్తిగా పక్కన పెట్టలేం. 2018 అధ్యయనంలోనే, ఆరియస్ పూసిన ఎలుక పిల్లల చర్మంలో సోరియాసిస్‌కు కీలకమైన టీహెచ్17 అనే రోగనిరోధక కణాల స్పందన చెలరేగింది. అయితే అది ఎలుకల్లో.

అందుకే మెడికల్ షాపులో దొరికే క్లోబెటసాల్ (స్టెరాయిడ్), నియోమైసిన్ (యాంటీబయాటిక్), మైకోనజోల్ (ఫంగస్ మందు) కలిపిన క్రీములు చూస్తే ఆందోళన కలుగుతుంది. ఉపశమనం ఇచ్చేది అందులోని స్టెరాయిడే. నియోమైసిన్ వల్ల అలర్జీ రావచ్చు, మందుకు లొంగని బ్యాక్టీరియా మిగలవచ్చు. నెలల తరబడి రాసి ఒక్కసారిగా ఆపేస్తే మచ్చలు ముందుకంటే ఎక్కువగా తిరగబడతాయి. చర్మ బ్యాక్టీరియా పరీక్షకూ డబ్బు పెట్టనక్కర్లేదు. ఆ రిపోర్టు చూసి మందు మార్చే ఆధారం ఇప్పటికి లేదు.

బ్యాక్టీరియాతో స్పష్టమైన ముడి ఉన్న చోటు గొంతు. పిల్లల్లో, యువతలో స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఒళ్లంతా చినుకుల్లాంటి మచ్చలు లేస్తే గొంతు స్వాబ్ అడగండి. ఇన్ఫెక్షన్ తేలితే దానికి యాంటీబయాటిక్ అవసరం. కానీ ఆ మాత్రలు మచ్చలను తగ్గిస్తాయనడానికి గట్టి రుజువు లేదు. మచ్చలకు పూతమందు లేదా యూవీబీ (అతినీలలోహిత కాంతి) చికిత్స విడిగా తీసుకోవాలి.